చేపకు తగిలిన దెబ్బయా, పట్టిన తెగులా?

కార్తీకపు వానలకు ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల చెఱువులకు నీరు చేరును. నీరు చేరిన కొలది దినములకే చేపపిల్లల బండ్లు రోడ్డుమీద కనిపించును. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు పిల్లలను సంఘము పక్షమున కొని తెచ్చి చెఱువులో విడుచుట మన సభ్యులకు క్రొత్త పని కాదు. అయినను బండి దిగిన గడియకును, చేపలను చెఱువులో వదలు గడియకును నడుమ చేయవలసిన పని యొకటి కలదు. దానిని మనలో పెక్కుమంది చేయుట లేదు.

బండి దిగిన పిల్లలలో కొన్నిటి ప్రక్కలందు పొలుసులు రాలియుండును. కొన్నిటి తోకలు చీలియుండును. కొన్నిటి ముక్కులు ఎఱ్ఱబాఱియుండును. అది చూచి గట్టుమీద రెండు పక్షము లేర్పడును. ఇది తెగులు, వెంటనే మందు చల్లవలయునని యొక పక్షము. వలదెబ్బయే గదా, నీటబడిన మానునని రెండవ పక్షము. ఒక యేడు మొదటివారి మాటయు, మఱొక యేడు రెండవవారి మాటయు నెగ్గుచుండును. ఇరువురును చేపను చూచి చెప్పినవారు కారు, తమ తమ స్వభావమును బట్టి చెప్పినవారు.

నష్టము రెండువైపులను కలదు. దెబ్బను తెగులని యెంచినచో మందు సొమ్ము నీటిపాలగును. అంతకన్న చెడ్డ సంగతి యొకటి యున్నది. దెబ్బ సాధారణముగా తనంతట తానే మానును. మానిన పిమ్మట ఆ కీర్తి మందునకు దక్కును. మఱుసటి యేడు నిజమైన తెగులు వచ్చినప్పుడు అందఱు ఆ మందుకొఱకే అంగడికి పరుగెత్తుదురు. అది పనిచేయదు. ఇక తెగులును దెబ్బ యనుకొని చెఱువులో వదలినచో, దానిని వెనుకకు తీసికొనుట మానవసాధ్యము కాదు. వరినారులో చెడిన మొక్కను పీకి గట్టుపై వేయవచ్చును. చెఱువులో వదలిన చేపను వెదకి పట్టుట యెవరితరము? చెఱువు ఒకరిది కాదు. ఒకరి తొందర వాటాదారు లందఱి పంటకు ముప్పు తెచ్చును.

ఈ విషయమున మనకంటె మెలకువగా నున్నవారు ఉప్పునీటి చేపలను గాజుతొట్లలో పెంచువారు. విశాఖపట్నపు సముద్రతీరమున మత్స్యదర్శిని యను ప్రదర్శనశాలలో సముద్రపు రంగుచేపలను చూచిన సభ్యులు కొందఱుందురు. అట్టి చేపలలో పెక్కులు పగడపు దిబ్బల నడుమ వలకు చిక్కి, నీటిసంచిలో కట్టబడి, పడవయు బండియు విమానమును మాఱి తొట్టికి చేరును. దారిలో దెబ్బ తగులకుండుట అరుదు, తెగులు వెంటరాకుండుటయు అరుదే. కావున తెలిసినవారు క్రొత్త చేపను పెద్దతొట్టిలో విడువరు. వేఱొక చిన్నతొట్టిలో నాలుగు వారములో, అంతకెక్కువయో ఉంచి, ప్రతిదినము కనిపెట్టుదురు. దీనినే క్వారంటైను అందురు. మహమ్మారి ప్రబలిన కాలమున వెనీసు రేవులో ఓడలను నలుబది దినములు నిలిపివేయు ఆచారము నుండి ఆ మాట పుట్టినది. అంతకు ముందే 1377లో రగూసా పట్టణమువారు ముప్పది దినముల నియమము పెట్టియుండిరి.

నాలుగు వారము లేల యని యడుగవచ్చును. వారి తొట్లలో తెల్లచుక్క యను తెగులు కలదు. క్రిప్టోకారియన్ అను పరాన్నజీవి దానికి కారణము. చేప దేహముమీదను రెక్కలమీదను ఉప్పురవ్వలు చల్లినట్లు చుక్కలు కనబడును. ఆ పురుగు చేపచర్మములో 3 మొదలు 7 దినముల వఱకు పెరిగి, పిమ్మట రాలిపోవును. చుక్కలు పోయినవి గదా, మానినదని క్రొత్తవాడు సంతోషించును. రాలిన పురుగు తొట్టి యడుగున గుల్లకట్టుకొని, అందులో వందలకొలది పిల్లలుగా చీలి, కొన్ని దినములకో వారములకో మరల చేపలపై బడును. రెండవ పర్యాయము చుక్కలు అనేక రెట్లుండును. దెబ్బ యట్లు చేయదు. అది తగ్గినచో తగ్గినదే. తగ్గి మరల వచ్చునది తెగులు. ఈ భేదము ఒకదినపు చూపునకు దొరకదు, కావుననే వారములకొలది కావలి.

చుక్కను చూచినంతనే తెగులని కేకవేయుటయు వారు చేయరు. ఇసుకరేణువు జిగురునకు అంటుకొనియుండవచ్చును, గాలిబుడగ రెక్కపై నిలిచియుండవచ్చును. అవి మఱునాటికి ఉండవు. వైద్యుని చేప యని యొక జాతి కలదు. దాని తోకమొదట చిన్నకత్తివంటి ముల్లు ఇరుప్రక్కల నుండును. అది ప్రక్కచేపను చీల్చినచో నిడుపాటి తిన్నని గీత పడును. కంటి విషయమున వారొక మంచి గుఱుతు చెప్పుదురు. ఒక కన్ను మాత్రము ఉబ్బిన, లేక మసకబాఱిన, అది చాలవఱకు దెబ్బ. రెండు కన్నులు నొక్కసారి ఉబ్బినచో తెగులో, నీటి దోషమో వెదకవలయును. ఈ గుఱుతు మన బొచ్చెకును శీలావతికిని అట్లే వర్తించును.

వేఱుగా నుంచనందువలని నష్టమును మన నెల్లూరు జిల్లా ఎఱుగని సంగతి కాదు. 1994-95 సంవత్సరములలో కోస్తా రొయ్యల చెఱువులకు తెల్లమచ్చ వైరసు వచ్చి ఎందఱి బ్రదుకులు మార్చివేసినదో ముత్తుకూరు, కోట ప్రాంతముల బంధువులున్న సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు. పిమ్మట 2009లో విదేశపు వన్నామీ తల్లిరొయ్యల కొఱకు చెన్నై చెంత నీలాంగరైలో క్వారంటైను కేంద్రము ఏర్పడినది. అక్కడ పరీక్ష నెగ్గిన పిదపనే అవి హేచరీలకు పోవలయును. రొయ్యలోను దెబ్బకును తెగులునకును గుఱుతులు వేఱు. పెంకు చిట్లినచోటు మానునప్పుడు నల్లబడును. తెల్లమచ్చ పెంకులోపలనే యుండును, గోటితో గీకిన పోదు. నల్లమచ్చను చూచి బెదరి, తెల్లమచ్చను చూచి బురద యనుకొన్నవారును అప్పుడుండిరి.

ఇక మన చెఱువుకడకు వత్తము. చెఱువులోనే నాలుగు గుంజలు పాతి, వలగుడ్డ కట్టి, అందులో క్రొత్తపిల్లల నుంచి, వేఱుగా నుంచితిమని చెప్పువారు కలరు. అది వేఱుగా నుంచుట కాదు. వలగుడ్డ చేపను ఆపును గాని నీటిని ఆపదు. నీటితో పేను, బూజు, సూక్ష్మజీవులు యథేచ్ఛగా చెఱువులోనికి పోవును. వేఱు గుంట కావలయును. ఆ గుంటనీరు చెఱువులోనికి పాఱరాదు. గుంటకు వాడిన వల, బుట్ట, బకెట్టు గుంటకే యుండవలయును. మనుష్యుడు కూడ ముందు చెఱువుపని ముగించుకొని, పిమ్మట గుంటకు పోవలయునే కాని, గుంటలో దిగిన తడికాళ్లతో చెఱువులో దిగరాదు. లక్షలకొలది పిల్లలను గుంటలో నుంచుట సాధ్యమా యని ప్రశ్న వచ్చును. చిరుపిల్లలను ఎట్లును నర్సరీ గుంటలో కొంతకాలము పెంచియే చెఱువునకు మార్చుచున్నాము గదా. ఆ నర్సరీనే క్వారంటైనుగా నడుపుకొనిన అదనపు ఖర్చు స్వల్పము. ఏడాది వయసు పిల్లలను, తల్లిచేపలను కొన్నప్పుడు మాత్రము మూడు వారములకు తక్కువ కాకుండ వేఱు గుంటలో నుంచుట తప్పనిసరి యని మా అభిప్రాయము.

సంగము చెంత గ్రామమున ఒక వృద్ధసభ్యుడు ఈ మాటలు విని మమ్ము నిట్లడిగెను: "అయ్యా, ఆ పట్నమోళ్లకి గాజుతొట్టి ఉండె, నాలుగు పక్కలా కనబడె. మా గుంటనీళ్లు బురద. చేప వీపన్నా కనబడదే! మేమేం చూసి చెప్పాల?" ప్రశ్న న్యాయమైనది. "పెద్దాయనా, గాజుతొట్టి లేకున్న మీ యింట తెల్ల గిన్నె యుండునా?" యని మే మడిగితిమి. తెల్ల ఎనామెలు బేసినులో గుంటనీరే పోసి, మెత్తని వలతో పదియో ఇరువదియో చేపలను పట్టి అందులో విడిచి, ఎండ వెలుతురున రెండు నిమిషములు చూచిన చాలును. తెల్లని అడుగుమీద పేను, పుండు, చీలిన రెక్క స్పష్టముగా కనబడును. చేతులు తడిపి గాని చేపను ముట్టరాదు. పొడిచేయి చేప జిగురును తుడిచివేసి, మనమే క్రొత్తదెబ్బ చేసినవార మగుదుము.

చూడవలసినది మొదట గాయమున్న చోటు. వలదెబ్బ, బండిదెబ్బ దేహములో పైకి పొడుచుకొని వచ్చిన భాగములకు తగులును. ముక్కు, ప్రక్కల ఉబ్బు, తోక చివర వీనికి. వలదారము ఒరిసినచో పొలుసులు వరుసగా ఒక గీతపై రాలును. రెక్క చీలిన, రెండు పుల్లల నడుమ పొర తిన్నగా చీలియుండును, అంచు శుభ్రముగా నుండును. నీటికాకి పట్టి జారవిడిచిన చేపకు ఇరుప్రక్కలను ఎదురెదురుగా ముక్కుగాట్లుండును. కొంగపోటు వీపుమీద లోతుగా నొక్కటే యుండును. కొరమీను పిల్లలలో పెద్దది చిన్నదానిని కఱచును. ఉప్పునీటి పండుగప్పయు అంతియే. అట్టి తోకగాట్లను తోకకుళ్లు అని భ్రమపడి మందు వేసినవారిని మే మెఱుగుదుము. అచట కావలసినది మందు కాదు, పెద్దపిల్లలను చిన్నపిల్లలను వేఱుచేయు జల్లెడ.

రెండవది లెక్క. ఇది అన్నిటికన్న ముఖ్యము. దెబ్బ బండి దిగిననాడే పూర్తిగా నుండును, ఆ పిమ్మట క్రొత్తచేపలకు అది పుట్టుటకు కారణము లేదు. తెగులు తొలిదినమున కొన్నిటిమీద నుండి, పిదప పలుచేపలకు ప్రాకును. కావున పుస్తకమున వ్రాసికొనవలయును. నూఱు చేపలు పరీక్షింపగా తొలినాడు 12 చేపలకు మచ్చ యున్నదనుకొందము. అయిదవనాడు మరల నూఱు చూడగా 6 చేపలకే యుండి, అవియు మానుచున్నచో దెబ్బ. అయిదవనాడు 25 చేపలకు ఉన్నచో, చూచినవాడు ఎంతటి పండితుడు వలదెబ్బ యని చెప్పినను నమ్మవలదు. వ్రాసికొనక జ్ఞాపకము మీద చెప్పువారు తమకు ఇష్టమైనట్లు చెప్పుదురు.

మూడవది మానెడి తీరు. మంచినీటిలో చిన్నదెబ్బపై ఒకటి రెండు దినములలోనే పలుచని పొర కట్టుకొనును, ఎఱుపు క్రమముగా తగ్గును. పొలుసు తిరిగి వచ్చుటకు వారములు పట్టును, దానికి కంగారు పడరాదు. చీలిన రెక్క పెరుగునప్పుడు అంచున తెల్లని పలుచని పొర వచ్చును. అది క్రొత్తచిగురు. కొందఱు దానినే కుళ్లు అనుకొందురు. కుళ్లునకు అంచు చింపిరిగా, మసకగా, ఒక్కొక్కప్పుడు ఎఱ్ఱనిగీతతో నుండి, దినదినము మొదటివైపునకు తినుకొని పోవును.

ఇక చేప నడవడి. దెబ్బతిన్న చేప మేతకు వచ్చును. తెగులు చేప చాలవఱకు మేత మానును, గుంపు విడిచి అంచున నిలుచును. గట్టునకో గుంజకో ఒళ్లు రాచుకొను చేపకు పురుగు పట్టినదని యెంచవలయును. ఇచ్చట ఒక హెచ్చరిక. తెల్లవాఱుజామున చేపలన్నియు ఒక్కసారి పైకివచ్చి నోరు తెఱచుచున్నచో అది దెబ్బయు కాదు, అంటుతెగులు కానవసరమును లేదు. తఱచుగా అది నీటిలో ప్రాణవాయువు తక్కువగుట. అట్టివేళ మందు కాదు, క్రొత్తనీరు కావలయును.

దెబ్బవలె కనబడు తెగుళ్లలో మనకు తఱచుగా ఎదురగునది చేపపేను. అది గుండ్రని చదునైన జీవి, కంటికి కనబడును. కఱచినచోట ఎఱ్ఱని చుక్క పడును. పొలుసు ఊడిన దెబ్బకును దీనికిని భేదము తెలియవలయునన్న ఆ చుక్క చుట్టును, రెక్కల మొదటను వెదకవలయును. పేను వ్రేలితో త్రోసిన కదలును. అది గ్రుడ్లు చేపపై పెట్టదు, రాళ్లకు, కఱ్ఱలకు అంటించును. అందుచేత గుంటలో కొన్ని వెదురుబద్దలు నిలిపి, వారమునకొకసారి తీసి ఎండబెట్టి, గ్రుడ్లు గీకి నాశనము చేయుట ఖర్చులేని ఉపాయము. లంగరుపురుగు మఱొకటి. అది దారమువలె చర్మమునుండి వ్రేలాడును, మొదట ఎఱ్ఱని పుండుండును. లాగినచో తల లోపలనే తెగి నిలుచును.

అన్నిటికన్న భయపడవలసినది ఎఱ్ఱపుండ్ల తెగులు. శాస్త్రజ్ఞులు దీనిని ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ అందురు. జపానులో 1971లో మొదట గుఱుతింపబడినది. మన దేశమున 1988లో ఈశాన్య రాష్ట్రములలో కనబడి, కొలది సంవత్సరములలోనే ఇతర రాష్ట్రములకు ప్రాకినది. అఫనోమైసిస్ అను బూజుజాతి జీవి దీనికి మూలము. కొరమీనులు, పరిగెలు దీనికి ముందుగా లోబడును. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసులకును వచ్చును. బంగారుతీగ, తిలాపియా చాలవఱకు తట్టుకొనును. వానల వెనుక నీరు చల్లబడు దినములలో ఇది విజృంభించును. అనగా మనము క్రొత్తపిల్లలను తెచ్చు కార్తీకము తరువాత వచ్చు మార్గశిర, పుష్య మాసములే దీనికిని అనుకూలము. చెఱువులో పరిగెలు, కొరమీనులు పుండ్లతో తేలుచున్నచో, అది బండిలో వచ్చిన దెబ్బ యని యెవరు చెప్పగలరు? వానిని బండి యెక్కించినవారు లేరు.

ఈ తెగులునకు తొలిదశలో ఎఱ్ఱమచ్చ మాత్రమే యుండును. అప్పుడు కంటితో నిశ్చయించుట కష్టము. ముదిరినప్పుడు పుండు కండలోనికి దిగి, ఒక్కొక్కసారి ఎముక కనబడువఱకు పోవును. వలదెబ్బపై దూదివలె బూజు కట్టుట వేఱు. ఆ దూదిని తడిగుడ్డతో మెల్లగా తుడిచిన ఊడివచ్చును, అడుగున పుండు సాధారణముగా పైపైన నుండును. అయినను దెబ్బకును తెగులునకును నడుమ గోడ లేదని గుఱుతుంచుకొనవలయును. చర్మము చెక్కుకొనిపోయిన చోటనే పుండ్ల తెగులు బీజము సులువుగా ప్రవేశించును. నేడు దెబ్బ యైనది, నీరు చెడినను, చలి తగిలినను, పది దినములలో తెగులు కావచ్చును. అందుచేత దెబ్బ యని తేలిన చేపలను కూడ గడువు తీరకముందు చెఱువులో వదలరాదు. గట్టుమీది రెండవ పక్షమువారితో మాకు గల తగాదా ఇదియే.

దెబ్బతిన్న చేపకు చేయవలసిన ఉపచారము స్వల్పము. గుంటలో చేపలు ఇఱుకుగా నుండరాదు, నీరు శుభ్రముగా నుండవలయును, మాటిమాటికి వలవేయరాదు. బండి దిగినప్పుడు పిల్లలను లీటరునకు 20 మొదలు 30 గ్రాముల ఉప్పు కరిగిన నీటిలో ఒకటి రెండు నిమిషములు ముంచి తీయుట మంచి ఆచారము. ఒక్క చేపయైనను ప్రక్కకు ఒరిగిన వెంటనే తీసివేయవలయును. సముద్రపు చేపలవారు దీనికి సరిగా విపర్యయముగా, తమ చేపను కొలది నిమిషములు మంచినీట ముంచుదురు. అప్పుడు చేపపై కంటికి కానరాక అంటుకొనియున్న చదునుపురుగులు తెల్లబడి రాలును. ఉప్పునీటి చేపకు మంచినీరును, మంచినీటి చేపకు ఉప్పునీరును ఔషధమగుట వింతగా తోచును. పురుగు అలవాటులేని నీటిని ఓర్వలేదు, చేప కొంతసే పోర్చుకొనును, అంతియే రహస్యము. పేరు తెలియని సూక్ష్మజీవినాశక మందులను గుంటలో పోయుట మాత్రము మానవలయును. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ జాతి మందులు చేపల పెంపకమున వాడుట నిషిద్ధము.

కొన్నిటికి కనిపెట్టుచు కూర్చుండుట తగదు. చేపలు మేత మాని, మొప్పలు వేగముగా ఆడించుచు, దినమునకు కొన్ని చొప్పున చచ్చుచున్నచో లెక్కలు వ్రాయుచు వారము గడపరాదు. ఉప్పునీటి తొట్లలో ముఖమల్ తెగులు అనునది సన్నని బంగారుదుమ్ము చల్లినట్లు కనబడి, కొలది దినములలోనే తొట్టినంతను ఖాళీచేయును. దానికడ ఓర్పు పనికిరాదు. మన గుంటలోను అట్లే. కండలోనికి దిగిన పుండు ఒక్క చేపపై కనబడినను ఆనాడే పరీక్షకు పంపవలయును.

పంపుటలోను పద్ధతి కలదు. చచ్చి ఉబ్బిన చేపను సంచిలో వేసికొని పోయినచో పరీక్షించువారు చేయగలిగినది లేదు. బ్రదికియున్న రోగపుచేపలు నాలుగయిదింటిని, వీలైన ఒకటి రెండు మంచిచేపలతో సహా, గుంటనీటిలోనే గాలి నింపిన సంచిలో కట్టి తీసికొనిపోవలయును. అది కుదరనిచో అప్పుడే చచ్చినవానిని సంచిలో కట్టి, మంచుగడ్డల నడుమ పెట్టి పోవచ్చును, గడ్డకట్టింపరాదు. వేఱొక సీసాలో గుంటనీరు, వెంట లెక్కపుస్తకము ఉండవలయును. ముత్తుకూరున 1991లో నెలకొల్పబడిన మత్స్యశాస్త్ర కళాశాల మన జిల్లాలోనే యున్నది. మత్స్యశాఖ అధికారులను ముందుగా కలిసికొనిన, చేపలను ఎచటికి పంపవలయునో వారే చెప్పుదురు. మొదట అడుగబడు ప్రశ్న, ఎన్నవనాడు ఎన్ని చేపలకు వచ్చినది యని. పుస్తకమున్నవానికి జవాబు సిద్ధముగా నుండును.

మూడు వారములు గడచి, క్రొత్తమచ్చ లేక, పాతదెబ్బలు మానినచో, చల్లనివేళ చేపలను చెఱువునకు మార్చవలయును. గుంటను పూర్తిగా తోడి, అడుగుమన్ను నెఱియలు విచ్చువఱకు ఎండనిచ్చి, సున్నము చల్లి, వలను బుట్టలను ఎండలో ఆఱవేసి, అటుపిమ్మటనే తరువాతి బండి చేపలను అందులో దింపవలయును.